డొక్కలో పదమూడు ముక్కలు

మా ఆవిడకి కీళ్లవాతం వచ్చి ఆరేళ్లయింది. వేళ్లు వంగవు కాబట్టి వంట, కాపడం, మాత్రలు నా పని. మధ్యాహ్నం ఆవిడ పడుకున్నాక పక్కింటి అరుగు మీద పేకాట నాది. ఈ రోజు నొప్పి ఎక్కువగా ఉందని వెళ్లలేదు. పక్కింటి సుబ్బరాజు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని పిలవడానికి వచ్చాడు. రానన్నాను.

"మీరు కూర్చుని నా మొహం చూస్తే తగ్గిపోద్దేటండీ? ఆటేదో ఇక్కడే వెయ్యండి. నాకూ ముక్కలు పంచండి" అంది మా ఆవిడ.

"ఎలా పట్టుకుంటారండీ, వదినగారూ?" అన్నాడు సుబ్బరాజు.

"మీ అన్నయ్యగారు లేరేటండీ?"

ఎండిన కొబ్బరి పీచు డొక్కకి కత్తితో గాటు పెట్టి, ఆవిడ పదమూడు ముక్కలూ అందులో నిలబెట్టాను. ఆవిడ చెప్పిన ముక్క తీసి కింద వేశాను. ఆవిడ ముక్కలు చూస్తున్నాను కాబట్టి నేను ఆడకూడదన్నారు. న్యాయమే.

మూడాటల్లో రెండు ఆవిడే గెలిచింది. నాలుగింటికి వేసుకోవాల్సిన నొప్పి మాత్ర ఆరింటికి గానీ అడగలేదు.

"రేపు కూడా వచ్చేయండి" అంది వాళ్లతో.

"ఆయ్" అన్నారు ముగ్గురూ. నన్నెవరూ అడగలేదు.

మీ దగ్గర ఆటలో ఒక మనిషి తక్కువైతే చెప్పండి. మధ్యాహ్నం మాత్రం నాకు కుదరదు.