పిల్లతల్లుల తరఫున మాట్లాడిన మా మేడం

మా జువాలజీ మేడం పోయారు. కబురు మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. నేను పాఠాలు చెప్పే స్కూల్లో మధ్యాహ్నం డబ్బా మూత తీస్తూ చూశాను. కబురు కింద వరసగా దండాల బొమ్మలు. ఎవరో పుణ్యాత్ముడు "సౌమ్యురాలు, మృదుభాషి" అని కూడా రాశాడు. మూత మళ్ళీ పెట్టేశాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు కోపం వచ్చింది. మేడం సౌమ్యురాలా? ముక్కు మీద కోపం, కుండబద్దలు కొట్టినట్టు మాట, ఎదుటివాడు కలెక్టరైనా కండక్టరైనా ఒకటే గొంతు. ఆమెకు లేని గుణాలు అంటగట్టి సాగనంపుతుంటే చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

ఆమె నర్సరావుపేటలో లారీ రేడియేటర్లు బాగుచేసే మెకానిక్ గారమ్మాయి. మా గురజాల వైపు జూనియర్ కాలేజీకి లెక్చరర్‌గా వచ్చి, ఇక్కడే ఉండిపోయారు. బోర్డు తుడవడానికి ఇంటినుంచి తడిగుడ్డ తెచ్చుకునేవారు. బస్సులో ఆడవాళ్ళ సీట్లో మగాడు కూర్చుని ఉంటే పక్కనే నిలబడి, "కాళ్ళేమన్నా నొప్పులా అబ్బాయ్? మందు రాయించమంటావా?" అనేవారు. బస్సంతా నవ్వేది, అతను లేచేవాడు. కొంచెం నోరు తగ్గించుకోమని ప్రిన్సిపాల్ గారు చెబితే, "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు సార్. ఊరు మంచిదైతే నా నోరెందుకు లేస్తది?" అని అడిగారట.

ఆమె తమ్ముడు గల్ఫ్‌లో చమురు బావుల దగ్గర వెల్డర్. ఓ ఏడు అక్కడినుంచి ఒక క్యాలెండర్ తెచ్చిచ్చాడు. అందులో ఒక పేజీ మంచు దేశానిది. ఎటు చూసినా తెలుపు. కాళ్ళ మీద లేపి కట్టిన పొడవాటి నూనె పైపు. దాని కింద కొమ్ములున్న పెద్ద దుప్పుల్లాంటి జంతువులు నింపాదిగా నిలబడి ఉన్నాయి. మా పైపులూ ఈ మూగజీవాలూ హాయిగా కలిసి బతుకుతున్నాయని కింద ఇంగ్లీషులో రాసుంది. ఆ జంతువుల పేరు కారిబూ. మేడం ఆ పేజీ చింపి, అట్టకు అంటించి, ఏటా క్లాసుకు తెచ్చేవారు. సిలబస్‌లో లేని పాఠం. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటుంటే, జాకెట్లు వీపులకు అంటుకుపోయే ఎండలో, మేము మంచు గురించి వినేవాళ్ళం. మగపిల్లలు ఆమెకు మంచుదుప్పి మేడం అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. "దుప్పి నయంరా. మీకంటే చెవులు పనిచేస్తయ్యి దానికి" అనేవారు.

మా ఏడు కూడా అట్ట ఎత్తి పట్టుకుని అడిగారు.

"ఏం కనపడతంది?"

"పైపు, జింకలు మేడం. బాగున్నయ్యి" అన్నారు ముందు బెంచీవాళ్ళు.

"బాగున్నయ్యా? ఇంకా?"

మాది గొర్రెలు కాసే ఇల్లు. మంద ఇంటికి రాగానే మా అమ్మ కళ్ళు ముందు పిల్లల కోసమే వెతుకుతాయి. ఆ అలవాటు చొప్పున నోరు జారాను.

"పిల్లలేవి మేడం?"

మేడం అట్ట బల్ల మీద పెట్టి, గబగబా నా దగ్గరికొచ్చి నెత్తిన ఒక్కటి మొట్టారు. మెచ్చుకుంటే ఆమె మొట్టేవారు, అందుకే ఆమె క్లాసులో తెలివైన పిల్లలకు జడలు నిలిచేవి కావు. "ఇన్నేళ్ళకు ఒక్కరడిగారే! ఏమే, ఇన్నాళ్ళూ ఏ మూల దాక్కున్నావు?" అన్నారు.

ఆ రోజు చెప్పిన పాఠం నాకిప్పటికీ నోటికొచ్చు. కారిబూలు ఏటా వందల మైళ్ళు నడిచి, ఈనే కాలానికి ఒక పచ్చిక మైదానం చేరతాయి. అక్కడ చమురు దొరికింది. రోడ్లు, పైపులు, కంకర దిబ్బలు వచ్చాయి. మగవి కొంత సర్దుకుని దగ్గరదాకా వస్తాయి. దోమలూ ఈగలూ ముసిరే రోజుల్లో, గాలి తగులుతుందని కంకర దిబ్బల మీదికి మందలు మందలుగా ఎక్కుతాయి. ఫొటోలు తీసేది అప్పుడే. కానీ అప్పుడే ఈనిన తల్లులు బిడ్డల్ని తీసుకుని రోడ్డుకు కోసుల దూరంలో ఉంటాయి. మంచి మేత వదులుకుని, పలచటి మేత తింటూ అక్కడే ఉండిపోతాయి. ఏళ్ళు గడిచినా ఆ తల్లులకు రోడ్డు అలవాటు కాలేదు. "మంద బతికే ఉందిగా అంటారు కొందరు. ఉంది, కాదనను. ఏం పోగొట్టుకుని ఉందో కూడా చెప్పాలిగా" అనేవారు మేడం.

"అలవాటు పడ్డయ్యి అనేది చూసినోడు చెప్పే మాట. పడ్డదాన్ని ఎవడడిగాడు?" ఇది ఆమె మాట. ఆమె జన్మలో కారిబూను చూడలేదు. చూడాలని లేదా అని అడిగితే, "నాకు ఫ్యాను గాలికే జలుబు చేస్తది, మంచులోకి నేనెక్కడ పోతా!" అన్నారు.

ఆ అలవాటు మాట మా ఇంటిదాకా వస్తుందని అప్పుడు నేననుకోలేదు.

మా ఊరి పక్క సున్నపురాయి క్వారీ ఉంది. దాన్ని పెంచుతామనీ, కొత్త లారీల బాట మా బీడు మీదుగా వేస్తామనీ కంపెనీవాళ్ళు అన్నారు. ఆ బీడులోనే మా గొర్రెలు ఈనుతాయి. అది పోతే సూడి గొర్రెలను తోలడానికి వేరే చోటు లేదు, మంద అమ్ముకోవడమే. మా అమ్మానాన్నలు ఈ మంద మీదే నన్ను చదివించారు. పబ్లిక్ హియరింగ్ పెట్టారని తెలిసి మేడంకు ఫోన్ చేశాను. అప్పటికే ఆమె కిడ్నీలు పాడై డయాలసిస్ మీద ఉన్నారు. "ఆ రోజు సూదులు లేవులే, వస్తా" అన్నారు.

షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, ముందు వరసలో ఆఫీసర్లు, పక్కన పెద్ద తెర. క్వారీ మేనేజరు తెర మీద ఒక ఫొటో వేశాడు. క్వారీ మట్టి దిబ్బ మీద పొట్టేళ్ళు దర్జాగా పడుకున్నాయి. మధ్యలో భుజాన గొంగడి, చేతిలో కర్రతో మా నాన్న.

"అదిగో, నేనే!" అని మా నాన్న కుర్చీలోంచి లేచాడు. ఫొటో తీస్తాం, మంచివి తోలుకురమ్మంటే, పొట్టేళ్ళ మందను కుంటలో కడిగి, కొమ్ములకు నూనె రాసి మరీ తోలుకెళ్ళాడు మహానుభావుడు. ఎందుకు తీస్తున్నారో అడగలేదు. మేనేజరు మైకులో, "చూశారుగా, పశువులు మా క్వారీకి పూర్తిగా అలవాటు పడ్డాయి" అనగానే నాన్న మొహం మాడిపోయింది. మెల్లగా కూర్చుని, "నా నెత్తిన నేనే మన్ను పోసుకున్నానే అమ్మాయ్" అన్నాడు.

వెనక నుంచి మేడం లేచారు. ఒక చేత్తో నా భుజం పట్టుకుని మైకు దాకా నడిచారు. గొంతు మాత్రం క్లాసులో గొంతే.

"అన్నా, నువ్వట్టా కూచోబాక, లెయ్. ఆ ఫొటోలో నీ సూడి గొర్రెలేవి?"

"అవా? అవి అటెందుకొస్తయ్యి మేడమ్మా?"

"ఎందుకు రావు?"

"లారీల మోత, ఆ పేలుళ్ళు. సూడిదాన్ని అటు తోలితే కడుపు పోద్ది. పిల్లతల్లయితే మోత ఇనపడ్డ కాడ నిలబడదు, పిల్లనేసుకుని బీడు అవతలకి పోద్ది."

"మరి పొట్టేళ్ళెందుకెక్కినయ్యి దిబ్బ?"

"ఆడ గాలి మేడమ్మా. ఈగలు ముసరవు."

మేడం ఆఫీసర్ల వైపు తిరిగారు. "రాసుకోండి సార్. అలవాటు కాదు, ఈగలు!"

షామియానా అంతా గొల్లుమంది. మేనేజరుకు ఒళ్ళు మండింది. "మేడం, మీరు అసలు ఈ ఊరివారేనా?" అన్నాడు.

"కాదు. నర్సరావుపేట. గొర్రెలు నన్నెప్పుడూ అడగలా" అన్నారు.

అప్పుడు ఆమె మంచు దేశం కారిబూల సంగతీ చెప్పారు, అదే ఫొటో, అదే దిబ్బ, అవే ఈగలు అని. ఫొటోలో లేనివాటిని వెళ్ళి చూడకుండా సంతకం పెట్టొద్దన్నారు. పెద్ద ఆఫీసరు, గొర్రెలు ఈనే కాలంలో బీడును స్వయంగా చూసి నిర్ణయిస్తామని మైకులోనే చెప్పాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలో మేడం నా ఒళ్ళో తల పెట్టి పడుకున్నారు. ఆమె తల అంత తేలికని నాకప్పుడే తెలిసింది. దారంతా ఏడుపు ఆపుకున్నాను. ఆమెకు ఏడుపులంటే మంట.

ఆఫీసర్లు వచ్చే రోజు ఖాయమైంది. ఆమె కూడా వస్తానన్నారు. ఈలోగానే పోయారు. నర్సరావుపేటలో వాళ్ళ తమ్ముడి ఇంటి నుంచి లేచిన జనాజాకు మా నాన్న భుజం ఇచ్చి, శ్మశానం దాకా వెళ్ళి వచ్చాడు. నేను ఆడవాళ్ళతో ఇంట్లో కూర్చున్నాను. ఆమె మంచిదనం గురించి ఒక్కొక్కరూ చెబుతుంటే, ఆమె మొట్టే మొట్టికాయ గురించి నేను చెప్పాను. వాళ్ళ తమ్ముడి భార్య ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడే ఆఫీసర్లు వచ్చారు. నాన్న పొట్టేళ్ళను ఇంటి దగ్గరే దొడ్లో ఉంచేసి, తల్లిమందను తోలాడు. నేను స్కూలుకు సెలవు పెట్టి వెళ్ళాను. బీడు మధ్యలో ఒక గొర్రె నొప్పులు పడుతోంది. పడుకుంటుంది, లేస్తుంది, కాలితో నేల గీరుతుంది. ఇంతలో ఇరుకు డొంకదారిలో రెండు జీపులు, ముందు ఆఫీసర్లది, వెనక క్వారీవాళ్ళది. చప్పుడు దగ్గరయ్యేకొద్దీ బీడులో తలలన్నీ లేచాయి. పిల్లలున్నవి పిల్లల్ని కూడేసుకుని అవతలికి మళ్ళాయి. నొప్పులు పడుతున్నది కూడా లేచి, తోక కింద ఉమ్మనీటి తిత్తి వేలాడుతుండగానే వాటి వెనక నడవడం మొదలుపెట్టింది.

నాన్న డొంకకు అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు.

"ఆడనే ఆపండి!"

"కొంచెం దగ్గరికి పోనియ్యి పెద్దాయనా, సార్ గారు చూడాలిగా" అన్నాడు క్వారీ మనిషి తల బయటపెట్టి.

నేను వెళ్ళి నాన్న పక్కన నిలబడ్డాను. నాకు భయం వేయలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "ఆయన చూస్తానే ఉన్నారు. అది పురిటినొప్పులతో పారిపోతంది. ఇంకేం చూపించాలి మీకు? ఎనక్కి పోనియ్యండి బండి" అన్నాను.

పెద్ద ఆఫీసరు గొర్రె వైపు చూశాడు, మా వైపు చూశాడు. డ్రైవర్ భుజం తట్టాడు.

అనుమతి ఇస్తారో లేదో ఇంకా తేలలేదు. ఇస్తే కోర్టుకు పోతాం. ఆ సంగతి ఊళ్ళో అందరికీ చెప్పేశాం. ఆ రోజు మాత్రం డొంకలో బండి తిప్పుకునే చోటు లేదు. ముందు క్వారీ జీపు, దాని తర్వాత ఆఫీసర్ల జీపు, రెండూ రివర్సులో, కంపచెట్లకు గీరుకుంటూ, మలుపు దాటేదాకా వెనక్కి వెనక్కి పోయాయి. దుమ్ము అణిగింది. బీడు చివర ఆ గొర్రె ఆగింది. చెవులు రిక్కించి కాసేపు నిలబడింది. చుట్టూ ఒకసారి తిరిగి, ముందుకాళ్ళు మడిచి, నేల మీద వాలింది.