పోయిన పెట్రోలు వాసన

మా నాన్నగారి కాలం నాటి కారులో ఇనుప పెట్రోలు ట్యాంకు తుప్పుపట్టి కారిపోతుంటే, ఈ రోజు ఏలూరులో అది తీయించి ప్లాస్టిక్ ట్యాంకు పెట్టించాను. పొద్దంతా షెడ్డు ముందు ఎండలో నిలబడి, నడుం పడిపోయి తాడేపల్లిగూడెం ఇంటికొచ్చాను. పెట్రోలు వాసనకి వాంతులవుతాయని ఇన్నాళ్లూ మా కారెక్కని అత్తగారు, కారు తలుపు తీసి గట్టిగా ఊపిరి పీల్చారు.

"కంపు పోయిందండీ అల్లుడుగారూ! రేపు ద్వారకా తిరుమల వెళ్దాం. అట్నుంచటే కైకలూరు, మా చెల్లెలింటికి."

"రేపొక్కరోజు రెస్టివ్వాలన్నాడండీ మెకానిక్."

"కారుకా, మీకా?" అంటూ ముందు సీట్లో కూర్చున్నారు.

ఇంకా దిగలేదు. పాత ట్యాంకు షెడ్డులోనే ఉంది. మళ్లీ బిగించమంటే మెకానిక్ తిడతాడా? అనుభవమున్న అల్లుళ్లు చెప్పండి.