సీసల వరుస

మొన్న మా మనవరాలి దగ్గుమందు సీసా వంటగట్టు మీద నుంచి జారి పగిలింది. ఇల్లంతా ఒకటే వాసన, తీపీ ఘాటూ కలిసి గొంతుకు అడ్డంపడే వాసన. మా కోడలు భీమవరం పిల్ల, "జరగండి అత్తయ్యా, గాజు గుచ్చుకుంటుందండి" అంటూ పరుగున వచ్చి గుడ్డతో తుడిచేసి, కిటికీలు బార్లా తెరిచి, అగరువత్తి కూడా వెలిగించింది. నేను మాత్రం ఉన్నచోటే నిలబడి పళ్లు కొరుకుతున్నాను. పగిలిన సీసా మీద కాదు నా కోపం. మందునీళ్ల వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఇప్పుడు మేముంటున్న కొండాపూర్ నా చిన్నతనంలో, అంటే డెబ్బైల మొదట్లో, గుట్టలకూ బండలకూ మధ్య ఇరుక్కున్న చిన్న ఊరు. ఇవాళ అద్దాల ఆఫీసులు నిలబడ్డచోట జొన్నచేలు ఉండేవి, వాటి అవతల ద్రాక్షతోటలు, తోటల అవతల ఎండకు కాగి సాయంత్రం దాకా వేడి కక్కే నల్లబండలు, ఆ బండల పగుళ్లలో పుట్టెడు తేనెపట్లు. వానలు వెనకబట్టి బతుకమ్మ రోజులు దగ్గరపడ్డాయంటే మాకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. తెల్లారకముందే మంచులో తడిసిన తంగేడుపూలకూ గునుగుపూలకూ గట్లమ్మట పడి పోవడం, మోకాళ్లు దోక్కుని రావడం, గునుగు కుచ్చులకు రంగులద్ది ఆ రంగు చేతులతోనే మలీదముద్దలు నోట్లో కుక్కుకోవడం, గుట్టమీద కోసుకొచ్చిన సీతాఫలాలను వడ్లగుమ్మిలో మాగబెట్టి పండిందా లేదా అని గంటకోసారి వేలితో నొక్కి చూసి నాయనమ్మ చేత తిట్లు తినడం, ఇదీ మా పని. నా వెనకే తోకలాగా మా తమ్ముడు నర్సింలు. అయిదేళ్లవాడు. చిర్రగోనె, అదే కర్రాబిళ్ల ఆటలో వాణ్ని ఎవరూ చేర్చుకునేవాళ్లు కాదు గానీ, పోయిన కర్రను వెతకడానికి మాత్రం వాడే కావాలి. పొదలో పడ్డ చప్పుడును బట్టి ఎక్కడుందో చెప్పేవాడు. అంత పాము చెవులు వాడివి.

మా నాయనమ్మది ఒక పద్ధతి. ఇరుగు పొరుగు నుంచి గిన్నె వస్తే దాన్ని ఖాళీగా తిరిగి పంపడం ఆమె దృష్టిలో మహాపాపం. చారు వచ్చిన గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి, ఏమీ లేకపోతే గుప్పెడు ఉప్పైనా వేయాలి. ఊరంతటిదీ అదే పద్ధతి. గిన్నె వస్తే అందులోది వంచుకోవడం, తమకున్నది పోసి ఇవ్వడం. దేవుడి దగ్గరికి, గురువు దగ్గరికి, వైద్యుడి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్లకూడదనే మాట కూడా ఆమె ఎప్పుడూ అంటుండేది. అందులో తప్పేముంది? ఈ రోజుకీ నాకు తప్పు కనబడదు.

మా ఊళ్లో డాక్టరు లేడు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఇంటి డాక్టరనదగిన మనిషి ఒక్కడే, చందానగర్ బజారు వెనక కూర్చునేవాడు. మంగళవారం, శుక్రవారం పట్నం నుంచి స్కూటరు మీద వచ్చి, మధ్యాహ్నం కాగానే తిరిగి వెళ్లిపోయేవాడు. ఆయన్ను చూడాలంటే మనిషి వెళ్తే చాలదు, ముందు సీసా వెళ్లాలి. మందునీళ్లు పోయించుకునే సీసా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి కదా, ఆ ఖాళీ సీసాను తెల్లవారుజామునే తెచ్చి దవాఖాన అరుగు మీద వరుసలో పెట్టాలి. ఎవరి సీసా ముందుంటే వాళ్ల వంతు ముందు. కాంపౌండరు ఆ వరుసలోంచి ఒక్కో సీసా తీసుకెళ్లి డాక్టరు బల్లమీద పెట్టి, సీసా గలవాళ్లను లోపలికి పిలిచేవాడు. చూడడం అయ్యాక దాంట్లో తేనెరంగు మందు పోసి, మోతాదులకు గంట్లు పెట్టిన కాగితపు పట్టీ అంటించి, కిటికీ గూట్లో పెట్టేవాడు. మనుషులు చెట్టుకింద దగ్గుతూ మూలుగుతూ కూర్చుంటే, సీసాలు మాత్రం దొరబిడ్డల్లాగా అరుగు మీద నీడపట్టున కూర్చునేవి.

ఆ ఏడు బతుకమ్మ మొదలయ్యే ముందు నర్సింలుకు జ్వరం తగిలింది. చెవిలో పోటని ఏడ్చాడు. చెవి వెనక ఎర్రగా ఉబ్బింది. వెల్లుల్లి కాచిన నూనె పోశారు, దిష్టి తీశారు, వాము పొగ పట్టారు, దేనికీ తగ్గలేదు. నాయిన మేస్త్రీ పని మీద సంగారెడ్డి వైపు పోయి ఉన్నాడు. మంగళవారం చీకటితోనే చందానగర్ అంగడికి పోయే కూరగాయల బండెక్కి నాయనమ్మ సీసా పెట్టడానికి ముందు వెళ్లింది. పొద్దెక్కాక అమ్మ తమ్ముణ్ని భుజానేసుకుని, నన్ను వెంటబెట్టుకుని నడిచింది. దారంతా వాడు "అక్కా, చెవుల ఏదో కూస్తుందే" అంటూనే ఉన్నాడు.

మేం వెళ్లేసరికి నాయనమ్మ చెట్టుకింద ధీమాగా కూర్చుని ఉంది. "మనది ముందటనే ఉన్నది, ఫికర్ చెయ్యకు" అంది అమ్మతో. కూర్చున్నాం. ఒక్కో సీసా లోపలికి వెళ్తోంది, ఒక్కో మనిషి బయటికి వస్తున్నాడు. మా తర్వాత వచ్చినవాళ్లు కూడా మందు తీసుకుని వెళ్లిపోతున్నారు. అమ్మ లేచి గడపదాకా వెళ్లింది. "జర సబర్ చెయ్యమ్మా, వంతొస్తే పిలుస్త" అన్నాడు కాంపౌండరు. అమ్మ నోరున్న మనిషి కాదు, తిరిగొచ్చి కూర్చుంది. నర్సింలు ఏడుపు మానేశాడు. పిల్లలు ఏడుపు మానేస్తే నయం అనుకునే వయసు నాది, అందుకే కాసేపు సంతోషించాను కూడా.

ఎండ నడినెత్తికి వచ్చింది, అరుగు ఖాళీ అయింది, డాక్టరు బయటికి వచ్చి స్కూటరు తాళం తీశాడు. అప్పుడు లేచింది నాయనమ్మ.

"సారూ, మా పోరన్ని సూడలేరు గద! పొద్దుగాల నా చేతులతోని వెట్టిన సీస."

"లైన్లో ఇంకేం సీసాల్లేవు కదమ్మా" అన్నాడాయన. ఆయనది కోస్తా వైపు మాట, మెత్తగానే ఉంటుంది. కాంపౌండరు లోపలికి వెళ్లి కిటికీ గూట్లోంచి మా సీసా తెచ్చాడు. "గిదేనా? గిది నిండుగున్నది గదనే అవ్వా! మందు వోసిందనుకొని పక్కకు వెట్టిన."

డాక్టరు బిరడా తీసి వాసన చూశాడు. "తేనె!" అన్నాడు. నాయనమ్మ ఆ సీసా నిండా గుట్ట తేనె పోసి వరుసలో పెట్టింది. వైద్యుడి దగ్గరికి ఖాళీ సీసా ఎలా పంపుతుంది? ఆయన తేనె వంచుకుంటాడు, మందు పోసి ఇస్తాడు, ఊళ్లో ఎవరైనా చేసేది అదే కదా అనుకుంది. ఆ సంగతి తెలియగానే డాక్టరు నవ్వాడు, కాంపౌండరు నవ్వాడు, మందు కోసం నిలబడ్డవాళ్లు కూడా నవ్వారు.

అమ్మ తమ్ముణ్ని తీసుకెళ్లి స్కూటరు ముందు నిలబడింది. అప్పటికే ఎక్కి కూర్చున్న ఆయన కిందికి దిగను కూడా దిగలేదు. వాడి నుదురు మీద వేళ్లు ఆనించి, "జ్వరమేలే. ఇప్పుడు మీకొక్కళ్లకి చూస్తే రేపట్నుంచి అందరూ ఇలాగే అడ్డం నిలబడతారు. శుక్రవారం పెందలాడే రండి" అన్నాడు. రెండు జ్వరం బిళ్లలు ఇమ్మని కాంపౌండరుకు చెప్పాడు. ఎంత న్యాయమో చూడండి, వంతు తప్పకూడదు! తేనె మాత్రం తన డబ్బాలోకి వంపించుకుని, స్కూటరు పెట్టెలో భద్రంగా పెట్టించుకున్నాడు. మా సీసా మా చేతికి ఖాళీగా ఇచ్చారు. నాయనమ్మ ఆ సీసాను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఊరిదాకా నడిచింది.

బిళ్లలకు జ్వరం కాస్త దిగింది. దిగింది కదా అని ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు, నాయినకు కబురు కూడా పంపలేదు. గురువారం సాయంత్రం ఇంటిముందు ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుండగా వాడికి ఫిట్స్ వచ్చాయి. శుక్రవారం అందరికంటే ముందు ఉన్నది మా సీసాయే. డాక్టరు చూసి, ముఖం మార్చి, వెంటనే పట్నం పెద్ద దవాఖానకు తీసుకెళ్లమన్నాడు. అక్కడివాళ్లు ప్రాణం నిలబెట్టారు. వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ చెవిలో చీము లోపలికి దిగి, జ్వరం మెదడుకు ఎక్కి, వినికిడి నరాలు రెండూ పోయాయని, మొన్ననే తెచ్చి ఉంటే బాగుండేదని, కబురందుకుని వచ్చిన నాయినతో చెప్పారు. ఇంటికొచ్చాక నేను వాడి వెనక నిలబడి, చిర్రగోనె కర్రను బండకేసి కొట్టాను. వాడు తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. ముందున్న చీమలబారును చూసుకుంటూ కూర్చున్నాడు.

ఊరు ఏమందో తెలుసా? "ముసల్ది సీసల తేనె వోసి పిలగాని చెవులు వోగొట్టింది" అంది. పెళ్లిళ్లలో అన్నారు, బావి దగ్గర అన్నారు, చివరికి నాయిన కూడా కోపం వచ్చినప్పుడల్లా అన్నాడు. నాయనమ్మ పోయేదాకా ఆ మాట మోసింది. డాక్టరును ఒక్కరూ ఒక్క మాట అనలేదు. వంతు ప్రకారం చూసే మంచి డాక్టరని ఆయనకు పేరు. ఒళ్లు కాలిపోతున్న పిల్లవాడు ఎదురుగా చెట్టుకింద ఉంటే, సీసాను చూసి మనిషిని లెక్కపెట్టిన ఆ తెలివి ఎవరిది? నాయనమ్మదా? గిన్నె నింపి ఇవ్వడం తెలిసిన మనిషిని మూర్ఖురాలిని చేసి, నిండు సీసా కనబడితే రోగి పని అయిపోయిందనుకున్న వాళ్లను పెద్దమనుషుల్ని చేశారు. పెద్దయ్యాక నాయినతో ఈ మాట అని గొడవపడ్డాను. ఆయన ఒప్పుకోలేదు.

ద్రాక్షతోటలు పోయాయి. తేనెపట్లున్న బండల్ని పేల్చి పునాదులు వేశారు. గునుగుపూలు ఇప్పుడు చందానగర్ బజారులో కట్టలు కట్టి అమ్ముతున్నారు, రంగు కూడా వాళ్లే అద్ది ఇస్తున్నారు. ఏది పోయినా ఆ వరుస మాత్రం పోలేదు. పోయిన వారం నర్సింలుకు కళ్లు తిరుగుతున్నాయంటే మా వీధిలోని క్లినిక్‌కు ఫోన్ చేశాను. ఫోన్లో ఇవ్వం, యాప్‌లో తీసుకోండి అన్నారు. యాప్‌లో ఆ వారమంతా నిండిపోయి ఉంది. మా అబ్బాయి రెండు రోజులు కూర్చుని, ఎవరో మానుకున్న ఖాళీ ఒకటి పట్టాడు. తీసుకెళ్లి తమ్ముణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, వాడికి వినబడదని, వంతు రాగానే చేత్తో తట్టమని కౌంటరులో అమ్మాయికి చెప్పి, వాడి బీపీ బిళ్లల కోసం కింద మందుల షాపుకు వెళ్లొచ్చాను. వచ్చేసరికి కౌంటరులో వేరే అమ్మాయి ఉంది.

"పేషెంట్‌ని పిలిచామండి, రెస్పాన్స్ లేదు. పేషెంట్ రాలేదని నో షో పడిపోయింది. సిస్టమ్‌లో నేనేం చేయలేను, గురువారం స్లాట్ ఉంది, బుక్ చేయమంటారా?"

"ఎదురుగ కూసున్నడు కదమ్మా! కండ్ల ముందట మనిషి కూసున్నడు కదా!" అన్నాను. అన్నానా, అరిచానా? ఇన్నేళ్లు పుస్తకాల భాష మాట్లాడిన నా నోటికి మా అమ్మ భాషే వచ్చింది, అమ్మ ఆ రోజు అనలేకపోయిన మాటలన్నీ వరసపెట్టి వచ్చాయి. హాల్లో అందరూ ఫోన్లలోంచి తలలెత్తారు. లోపలి తలుపు తెరుచుకుంది, డాక్టరు తొంగి చూడగానే మళ్లీ మూసుకుంది.

నర్సింలుకు నా మాటలు వినబడలేదు. అందరి ముఖాలూ చూసి, నా ముఖం చూసి, సిగ్గుపడి లేచి వచ్చాడు. నా కొంగు పట్టుకుని లాగుతూ, తన గొంతు తనకు వినబడని మనిషి మాట్లాడినట్టు హాలంతా మోగేలా అన్నాడు.

"లొల్లి వెట్టకు అక్కా. మన వంతు ఇంక రాలే. వస్తె వాళ్లే పిలుస్తరు."