అక్క పురిటికి అదనపు పట్టీలు

కొలిమి దగ్గర ఆరు నెలలు నిలబడితే చాలు, ఇనుము గురించి ఇక తెలుసుకోవాల్సిందేమీ మిగల్లేదనిపించే వయసొకటి ఉంటుంది. ఆ వయసులో నేను టాటానగర్‌లో గోల్‌మురి పేటలో ఒక ఉక్కు కార్ఖానాలో అప్రెంటిస్‌ని. పొద్దున్నే సైకిల్ మీద వెళ్ళి, సాయంత్రం ఉక్కు గురించి నాలుగు కొత్త మాటలు నేర్చుకుని వచ్చి, అన్నం తినేటప్పుడు అవన్నీ అమ్మకి చెప్పేవాణ్ణి (ఆవిడ "కూర వెయ్యమంతావా" అనడిగేది). ముప్ఫై ఏళ్ళు క్రేన్ నడిపి రిటైరైన మా నాన్న మాత్రం వింటూ ఊరుకునేవాడు. ఆయన ఊరుకోవడాన్ని నేను ఒప్పుకోవడం అనుకునేవాణ్ణి.

నాన్న రిటైరయ్యాక ఒక ఆఫీసరు దగ్గర పాత కారు కొన్నాడు. దానికి వెనక కమాన్ కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు, ఎప్పుడో చతికిలబడిపోయాయి. వెనక సీట్లో ఎవరైనా కూర్చుంటే కారు కూడా కూర్చునేది, ప్రతి గుంతలోనూ అడుగున ఇనుముకి ఇనుము తగిలి ఖంగుమనేది. మేం ముగ్గురమే అయినన్నాళ్ళూ అది నవ్వులాటగానే ఉండేది. ఇంతలో అక్క పురిటికి సిద్ధగోరాలోని మా ఇంటికి వచ్చింది. బావది టాటానగర్ స్టేషన్‌లో రైలు నడిపే డ్యూటీ, ఎప్పుడు ఎక్కడుంటాడో ఆయనకే తెలీదు. డాక్టరమ్మ పరీక్షచేసి, మాయ కిందికి ఉంది, కుదుపు తగిలితే రక్తం పోతుంది, ఆటో ఎక్కనేవద్దు అని గట్టిగా చెప్పింది. దాంతో కారు పని ఇంటి పనయింది. నాన్న ఆ పని నాకు అప్పజెప్పాడు.

జుగ్సలాయిలో గోదాముల సందు చివర కమాన్లు బాగుచేసే ముసలి మిస్త్రీ ఒకాయన ఉండేవాడు. ఆయన కారు కింద దూరి చూసి, అరిగిన పట్టీలు రెండు మారుస్తాను, మిగతావాటికి వంపు ఎక్కిస్తాను, అంతకన్నా ఏమీ అక్కర్లేదు అన్నాడు. నాకు ఆ మాట నచ్చలేదు. ఉక్కు ఎంత ఎక్కువుంటే మనిషి అంత క్షేమం అని నా సిద్ధాంతం. పక్కకి రెండేసి పట్టీలు అదనంగా వెయ్యమన్నాను. ఆయన లేచి చేతులు తుడుచుకుంటూ, "సవారీ బిఠానా హై, కి ఛడ్ ఢోనా హై?" అన్నాడు (మనుషుల్ని ఎక్కిస్తావా, ఇనప చువ్వలు మోస్తావా అని). నేను కార్ఖానా పేరు చెప్పి, నా పనేమిటో చెప్పి, మజ్బూత్‌గా ఉండాలన్నాను. ఆయన నేను చెప్పినట్టే చేశాడు.

కారు వెనకభాగం గర్వంగా పైకి లేచింది. నేనూ అలాగే బయలుదేరాను. మొదటి గుంతలోనే నా తల పైకప్పుకి తగిలింది. రెండో గుంతలో వెనక సీటు మీది టిఫిన్ డబ్బా ఎగిరి ముందుకొచ్చింది. ఇల్లు చేరేసరికి నాకు విషయం పూర్తిగా తెలిసిపోయింది, చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. నాన్న కారు చుట్టూ తిరిగి, ముందుకి తూలుతున్నట్టుందేటిరా అన్నాడు. కొత్తవి కదా, వాడగా వాడగా దిగుతాయన్నాను. ఆదివారం సెలవు, గుట్టుగా వెళ్ళి పట్టీలు తీయించేద్దామనుకున్నాను. ఈలోగా అక్క మంచం మీద ఇటు నుంచి అటు ఒత్తిగిలినా ఉలిక్కిపడేవాణ్ణి.

శుక్రవారం పొద్దున్న అమ్మ పిలిచింది. నొప్పులు మొదలయ్యాయి, కాస్త రక్తం కూడా కనిపించింది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే బండి బయటికి వెళ్ళింది, ఆలస్యమవుతుందన్నారు. నాన్న తాళాలు తీసుకుని నా చేతిలో పెట్టాడు. అప్పుడు చెప్పాను.

"నాన్నా, కారు కుదిపేత్తాది. పట్టీలు ఎక్కువేయించీసినాను. బరువుంటే గాని దిగదు."

తిడతాడనుకున్నాను. నాన్న కిటికీలోంచి కారుని ఒక్క క్షణం చూసి, "ఎంత బరువు కావాల?" అన్నాడు.

"తెలీదు" అన్నాను. ఉక్కు గురించి నేను ఆ మాట అనడం అదే మొదలు.

రెండు బియ్యం బస్తాలు డిక్కీలోకి వెళ్ళాయి. గోడకని తెప్పించిన ఇటుకలు వెళ్ళాయి. నాన్న చేత్తో వెనక నొక్కి చూసి, చాలదని తల అడ్డంగా ఊపి, పక్కింటికి నడిచాడు. అక్కడ బొబ్బిలి పిన్ని ఉంటుంది. ఆవిడా, బాబాయీ మా వీధిలో ఒకే రిక్షాలో పట్టని దంపతులు. నాన్న మెల్లగా విషయం చెప్పాడు. పిన్ని గరిటె పట్టుకునే విన్నది.

"అయితే నన్ను బరువుకి రమ్మంతన్నారా, బావగారూ?"

నాన్న తలొంచుకుని, "అవునమ్మా" అన్నాడు.

"మరయితే సీర మార్సనక్కర్లేదు" అని పిన్ని పొయ్యి కట్టేసి, చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది.

అమ్మ బక్కపల్చటి మనిషి, వెనక్కి పనికిరాదని ముందు కూర్చోబెట్టారు. వెనక అటు పిన్ని, ఇటు బాబాయి, మధ్యలో అక్క. వాళ్ళు ఎక్కుతుంటే నాన్న వెనక నిలబడి, క్రేన్ కింది మనిషి చేసే సైగలు చేశాడు: అరచెయ్యి కిందికి, ఇంకా కిందికి, ఇంకా, పిడికిలి. కారు సమంగా కుదురుకుంది. నాన్న వచ్చి అమ్మ పక్కన ఇరుక్కున్నాడు. నేను నడక వేగంతో పోనిచ్చాను. గుంత కనిపించినప్పుడల్లా బాబాయి ఊపిరి బిగబట్టేవాడు (దానివల్ల బరువు పెరుగుతుందని ఆయన నమ్మకం). పిన్ని అక్క పొట్ట కింద రెండు చేతులూ దొన్నెలా పట్టి, "ఇదుగో అయిపోనాదే, ఇదుగో వచ్చీసినాం" అంటూనే ఉంది. అక్క కళ్ళు మూసుకునే, "గాడీ తో బడే ఆరామ్ సే చల్ రహీ హై" అంది (బండి ఎంత హాయిగా పోతోందో అని). నాకు ఏడుపొచ్చింది.

ఆస్పత్రి వరండాలో రెండు గంటలు నేను ఎవరి మొహమూ చూడలేదు. ఆడపిల్ల, తల్లీ పిల్లా క్షేమం అని నర్సు వచ్చి చెప్పాకే తలెత్తాను.

అక్కకి ఆ పట్టీల సంగతి ఇప్పటికీ తెలీదు (హిందీ మీడియంలో చదువుకుంది, తెలుగు చదవడం రాదు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను). "నా పురిటికి ఇరుగూపొరుగూ ఉండబట్టలేక కారెక్కేశారు, పిన్ని చెప్పులైనా వేసుకోలేదు, అంత ప్రేమ" అని ఇప్పటికీ కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది. మొదట్లో విన్నప్పుడల్లా నాకు లోపల నవ్వొచ్చేది, అసలు కారణం నాకు తెలుసు కదా అని. పిన్ని పోయి నాలుగేళ్ళయింది. ఉన్నన్నాళ్ళూ ఆ కథ విని తల ఊపేదే గాని, తనని దేనికి రమ్మన్నారో ఒక్కసారీ చెప్పలేదు. బరువుకైతే సీట్లో ఊరికే కూర్చుంటే సరిపోయేది, దారి పొడుగునా అలా చేతులు పట్టి ఉంచమని ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఈ మధ్య అక్క ఆ కథ చెబుతుంటే నేనూ తల ఊపుతున్నాను.