అక్క ఎంచిన గిటారు

అక్క గొంతుకి ఆపరేషనయ్యాక, దాదాపు ఏడాదిపాటు నేను ఇంట్లో గిటారు ముట్టుకోలేదు.

రాజోల్లో మాది రెండు వాటాల ఇల్లు. కింది వాటాలో అక్క, పై వాటాలో నేను. అక్క హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. బావగారు పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు. అమలాపురంలో నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. భోజనం మాత్రం ఇద్దరికీ కిందే.

మా చర్చిలో ముప్ఫై ఏళ్ళు అక్క పాడింది, నేను వాయించాను. ఆదివారం ఆరాధనైనా, పెళ్ళైనా, సమాధి దగ్గరైనా ఇద్దరమే. నా గిటారు పధ్నాలుగేళ్ళప్పుడు నాన్న కొనిపెట్టింది. పెద్దది, ఒళ్ళో పెట్టుకుంటే గడ్డం దాకా వచ్చేది. అక్కది మందమైన గొంతు, కింది స్వరాల్లో బాగా నిలబడేది. ఏ శృతిలో పాడాలో ఆవిడే చెప్పేది. "ఒక మెట్టు దించవే, ఇవాళ గొంతు బరువుగా ఉంది" అనేది. నేను ఎత్తుగడ వాయించి, ఆవిడ ఊపిరి పీల్చుకోవడం విని పాటలోకి వెళ్ళేదాన్ని.

ఒక వర్షాకాలంలో ఆ గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. తగ్గలేదు. "ఇన్నేళ్ళు పిల్లల మీద అరిచిన గొంతే, అరిగిపోదా మరి" అని అక్క తేలిగ్గా తీసేసింది. మిరియాల పాలు తాగింది, కరక్కాయ బుగ్గన పెట్టుకుంది. మూడు వారాలు దాటిన బొంగురుని అశ్రద్ధ చెయ్యకూడదని నేను ప్రతి ఏడూ మా స్టూడెంట్లకి చెబుతాను. బోర్డు మీద రాసి కింద గీత కూడా గీస్తాను. పక్కన కూచుని అన్నం తింటున్న మనిషి గొంతు నాలుగు నెలలు విన్నాను, ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు. అక్క కూడా నన్ను ఒక్కసారీ అనలేదు.

విశాఖపట్నంలో క్యాన్సరని తేల్చి, స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ కింద చిన్న రంధ్రం మిగిలింది. ఇక ఊపిరంతా దాంట్లోంచే. దాని మీద పల్చటి నూలుగుడ్డ కట్టుకునేది. మెడకి ఆనించుకుంటే మాట పలికించే యంత్రం ఒకటి ఇచ్చారు. అక్క ఒకసారి పెట్టుకుని నన్ను పేరుపెట్టి పిలిచింది. వచ్చిన చప్పుడు తనే విని, యంత్రాన్ని తువ్వాలులో చుట్టి బీరువాలో పెట్టేసింది. దాని బదులు బడి రోజుల నాటి పలక ఒకటి తీసుకుంది. అక్షరాలు మాత్రం ఎప్పటిలాగే గుండ్రంగా ఉండేవి.

ఇంటికొచ్చిన రెండో ఆదివారం సాయంత్రం అక్క వరండాలో కూచునుంది. ఊరటగా ఉంటుందనుకుని గిటారు తెచ్చి పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నాను. ఎత్తుగడ పూర్తి కాకుండానే అక్క లేచి పెరట్లోకి, కొబ్బరిచెట్ల వైపు వెళ్ళిపోయింది. నేను ఆపేదాకా రాలేదు. మర్నాడు మళ్ళీ వాయించి చూశాను. మళ్ళీ అలాగే లేచి వెళ్ళింది. ఎందుకని అడిగే ధైర్యం లేకపోయింది. గిటారు పైకి తీసుకెళ్ళి మంచం కింద పెట్టేశాను. చర్చిలో కీబోర్డు వాయించే ఆయన కొత్తగా వచ్చారు. నేను వెనక బెంచీలో అక్క పక్కన కూచోవడం మొదలుపెట్టాను.

నర్సింగ్ ప్రాక్టికల్ పరీక్షలకి నన్ను ఎగ్జామినర్‌గా వేస్తూ ఉంటారు. శ్రీకాకుళంలో నాలుగు రోజులు, కర్నూల్లో వారం, అలా. అక్కకి తోడుగా మా పిన్ని కూతురు వచ్చి ఉండేది. సాయంత్రం నాలుగింటికి పరీక్ష అయిపోతే ఇక హోటల్ గదే. ఇంట్లో కుదరని వాయిద్యం అక్కడైనా వాయించుకుందామని, కర్నూలుకి ఆ పెద్ద గిటారు మోసుకెళ్ళాను. బస్సులో పై అరలో పట్టలేదు. డిక్కీలో వెయ్యమన్నారు. మా గోదావరి తేమకి ఎప్పుడో పొట్ట ఉబ్బిన కర్ర అది, ఆ దెబ్బలకీ కర్నూలు ఎండకీ పక్కన సన్నగా చీలింది. పైగా గదిలో ఎంత మెల్లగా మీటినా గోడ దాటి వినబడేది. రెండో సాయంత్రం పక్క గదాయన తలుపు తట్టారు.

"ఏమీ అనుకోకండమ్మా. మా ఆవిడకి ఇవాళ డయాలసిస్ అయింది. ఇప్పుడే కాస్త నిద్ర పట్టింది" అన్నారు.

క్షమించమని చెప్పి పెట్టె మూసేశాను. తర్వాతి ఊరికి మా కాలేజీ క్లర్కుగారి ఎలక్ట్రిక్ గిటారు అడిగి పట్టుకెళ్ళాను. అది లోపల బోలు లేని గట్టి చెక్క. కరెంటు పెట్టకపోతే దోమ రొద పెట్టినట్టుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎవరో దూరాన వాయిస్తున్నట్టుంది. రెండింటికీ నడిమి రకం ఏదైనా ఉందా అని ఫోన్లో వెతకడం మొదలుపెట్టాను. ఆర్చ్‌టాప్ అనేది అప్పుడే తెలిసింది. వయొలిన్‌లాగా ముందు చెక్క విల్లులా వంగి ఉంటుంది, దాని మీద రెండు వంకర రంధ్రాలు. లోపల బోలు కాబట్టి కరెంటు లేకపోయినా వాయించేవాళ్ళకి వినబడుతుంది, పల్చటిదైతే గోడ దాటదు. చవక రకాలు ప్లైవుడ్డుతో చేస్తారు, వాటిని తేమ ఏమీ చెయ్యదు. నాకు కావలసింది అదే అనిపించింది.

ఒకరోజు అన్నం తింటూ ఫోను పక్కన పెట్టాను. తెర మీద గిటారు బొమ్మ అక్క చూసింది. పలక తీసి రాసింది: "ఎవరికి?"

"నాకే. డ్యూటీకి వెళ్ళినప్పుడు హోటల్లో వాయించుకోడానికి."

"ఇంట్లో ఎందుకు వాయించవు?"

"నువ్వు లేచెళ్ళిపోయేవు కదక్కా. వినలేకపోతున్నావనుకున్నాను" అన్నాను.

అక్క పలక నిండా రాసింది. "వినలేక కాదే. నువ్వు ఎత్తుగడ వాయించగానే నాకు తెలీకుండానే ఊపిరి పీల్చేస్తున్నాను, పాడ్డానికి. అది మెడలోంచి ఈల వేసినట్టు చప్పుడొస్తోంది. నువ్వు వింటే బాధపడతావని వెళ్ళేను."

చదివి, పలక ఆవిడ చేతికి ఇవ్వబోయాను. అది జారి పప్పుగిన్నె మీద పడింది. అక్క దాన్ని తీసి, తన పైటచెంగుతో తుడిచి, మళ్ళీ రాసింది: "కొనుక్కో. నేనూ వస్తాను."

ఆ శనివారమే రాజమండ్రి బయల్దేరాం. రావులపాలెం దాకా బస్సు వాడపల్లి గుడికి వెళ్ళే వాళ్ళతో కిక్కిరిసి ఉంది. ఏడు శనివారాల మొక్కున్న ఒకావిడ తను లేచి అక్కకి సీటిచ్చింది. మెడ మీది గుడ్డ చూసి, "ఏమైందండీ పాపం" అని నన్ను అడిగింది. చెప్పాను. "ఆయ్" అని, "ఈ వారం ప్రదక్షిణలో మీ అక్కగారి పేరు కూడా తలుచుకుంటానండి, పేరు చెప్పండి" అంది. నేను చెప్పాను. అక్క ఆవిడకి దణ్ణం పెట్టింది.

గిటార్ల దుకాణాయన మర్యాదస్తుడు. "ఆర్చ్‌టాప్‌లు ఇక్కడ అడిగేవాళ్ళు తక్కువండి. రెండే ఉన్నాయి, చూడండి" అని రెండూ బల్ల మీద పెట్టారు. ఒకటి కొత్తది, తేనెరంగు, అద్దంలా మెరుస్తోంది, ఒళ్ళో పెట్టుకుంటే మళ్ళీ నా గడ్డం దాకా వచ్చింది. రెండోది ఎవరో వాడి అమ్ముకున్నది. చిన్నది, పల్చన, వెనక వైపు బెల్టు బకిలు గీతలు. నా మనసు కొత్తదాని మీద ఉంది. అక్క పలక మీద రాసి దుకాణాయనకి చూపించింది: "మీ గాజు తలుపు వేస్తారా? నేను బయట నిలబడతాను."

ఆయనకి అర్థం కాక నాకేసి చూశారు. "హోటల్లో పక్క గదికి వినబడుతుందో లేదో చూస్తుందండి" అన్నాను.

"ఆయ్, అలాగేనండి. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా చూళ్ళేదండి" అని ఆయనే తలుపు వేశారు.

అక్క తలుపు అవతల మెట్ల మీద, రోడ్డుకి వీపు పెట్టి నిలబడింది. కొత్తది వాయించాను. గాజులోంచి చెయ్యి అడ్డంగా ఊపింది. చిన్నది వాయించాను. చెవి గాజుకి ఆనించి, వేళ్ళతో 'ఇంకొంచెం' అంది. గట్టిగా మీటాను. సరేనని తల ఊపింది. లోపలికొచ్చి దగ్గర కూచుని మళ్ళీ వాయించమంది. ఈసారి తను ఊపిరి దాచుకోలేదు. ఆ సన్నటి చప్పుడు నేను మొదటిసారి విన్నాను. దుకాణాయన పద్దు పుస్తకమేదో తిరగేస్తూ తల వంచుకున్నారు. అక్క రాసింది: "దీని స్వరం తొందరగా ఆగిపోతోంది. పాత దానిలా పాట కోసం ఎదురుచూడదు. ఇదే తీసుకో."

తీసుకున్నాను. బస్సు పై అరలో అది చక్కగా పట్టింది.

తర్వాత ఏ ఊరు వెళ్ళినా సాయంత్రం ఐదున్నరకి ఫోను చేసి, దిండుకి ఆనించి వాయించేదాన్ని. అక్క వినేది. తప్పు పడితే గోటితో ఫోను మీద తట్టేది. అనంతపురంలో ఒకసారి తెలివితక్కువ పని చేశాను. తీగలన్నీ పాతబడ్డాయని ఒకేసారి విప్పేశాను. ఈ రకం గిటార్లకి తీగలు ఆనే బ్రిడ్జిని జిగురుతో అతికించరు, తీగల బిగువు మీదే నిలబడుతుంది. తీగలు తీయగానే ఊడి మంచం మీద పడింది. ఎక్కడుండేదో గుర్తు పెట్టుకోలేదు. సుమారుగా పెట్టి తీగలు కట్టాను. విడి తీగ బాగానే పలుకుతోంది, పై మెట్ల మీద నొక్కితే అపస్వరం. ఫోన్లో అక్కకి చెప్పాను.

"నేను జరుపుతూ మీటుతాను. పై స్వరం తక్కువైతే ఒకసారి తట్టు, ఎక్కువైతే రెండుసార్లు. సరిపోతే ఊరుకో."

గంటసేపు అదే పని. రెండు తట్లు, కొంచెం వెనక్కి. ఒక తట్టు, వెంట్రుకవాసి ముందుకి. ఒకచోట నాకు సరిగ్గా ఉందనిపించింది. అక్క రెండుసార్లు తట్టింది. "ఉందక్కా, సరిపోయింది" అన్నాను. మళ్ళీ రెండుసార్లు, ఈసారి గట్టిగా. నవ్వొచ్చి, జరిపాను. అవతల చప్పుడు ఆగిపోయింది. ఆరు తీగలూ అయ్యాక వాట్సాప్‌లో ఒక మెసేజీ వచ్చింది: "అన్నం తిను." మా ఇద్దరికీ అదే ఆఖరి మంచికాలం.

చలికాలం మొదట్లో అక్కకి దగ్గుతో రక్తం పడింది. మళ్ళీ విశాఖపట్నం తీసుకెళ్ళాను. జబ్బు ఊపిరితిత్తులకి దిగిందన్నారు. డాక్టరుగారు నన్ను పక్కకి పిలిచి, "మీకు వేరే చెప్పక్కర్లేదు కదమ్మా" అన్నారు. చెప్పక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో అక్క కారు కిటికీలోంచి చేలు చూస్తూ కూచుంది.

డ్యూటీలన్నీ రద్దు చేయించుకుని కింది వాటాలోకి వచ్చేశాను. రంధ్రం శుభ్రం చెయ్యడం, కఫం తియ్యడం, మందులు, అన్నీ నేనే చూసుకున్నాను. ఇవన్నీ నాకు చేతనైన పనులు. చేతనైనవి చెయ్యగలిగినందుకు కొంత నిబ్బరంగా ఉండేది. ఒక మధ్యాహ్నం పలక పట్టుకునే ఓపిక లేక, గోడకున్న చిన్న గిటారుకేసి చెయ్యి చూపించింది. మంచం పక్కన స్టూలు వేసుకుని, వరండాలో సగంలో ఆపేసిన కీర్తనే ఎత్తుకున్నాను. ఒక మెట్టు దించి వాయించాను. ఎత్తుగడ అయ్యేసరికి అక్క ఊపిరి పీల్చుకుంది. ఆయాసంలో అది ఆలస్యంగా వచ్చింది. వచ్చేదాకా ఆగి, అప్పుడు మొదటి చరణంలోకి వెళ్ళాను. పెదాలు కదుపుతూ అక్క నాలుగు చరణాలూ పాడింది. ప్రతి చరణానికీ ముందు ఆగాను. ఆ తర్వాత అక్క బతికిన పదకొండు రోజులూ రోజూ ఒక పాట. ఆఖరి రెండు రోజులు పెదాలు కూడా కదల్లేదు.

సమాధి కార్యక్రమానికి సంఘపెద్ద ఒకాయన నా దగ్గరికొచ్చి, "మీరేమన్నా వాయిస్తారా అమ్మా" అని అడిగారు. నావల్ల కాదండి అన్నాను. ఆయన బలవంతపెట్టలేదు. అందరూ వట్టి గొంతుకలతో పాడారు. అక్క లేక, శృతి పట్టుకునే వాళ్ళు లేక, పాట పైకెక్కి రెండో చరణంలో విరిగింది. ఎవరో సర్దుకుని కిందికి దించారు.

రెండు నెలల తర్వాత మళ్ళీ ఎగ్జామినర్ డ్యూటీ వేశారు, విజయనగరంలో. వెళ్ళాను. మూడో రోజు ఒక అమ్మాయికి చీటీలో మెడ రంధ్రం శుభ్రం చేసే ప్రొసీజరు వచ్చింది. మంచం మీద రబ్బరు బొమ్మ. అమ్మాయి చేతులు కడుక్కుని, ట్రే సర్దుకుని, గ్లవ్స్ వేసుకోబోతూ బొమ్మ ముఖం మీదికి వంగింది. "అమ్మా, ఇప్పుడు గొంతు దగ్గర శుభ్రం చేస్తాను. కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఓపలేకపోతే చెయ్యెత్తండి, ఆపేస్తాను" అంది.

పని మొదలుపెట్టే ముందు రోగికి చెప్పాలన్నది పుస్తకంలో ఉన్నదే. దానికి రెండు మార్కులు. చాలామంది అప్పజెప్పినట్టు చెప్పేసి వెళ్ళిపోతారు. ఆ అమ్మాయి చెప్పి, బొమ్మ చేతికేసి చూస్తూ ఒక్క క్షణం ఆగింది.

నేను మార్కుల షీటు పక్కనున్న ఎగ్జామినర్‌గారికి ఇచ్చి, మంచినీళ్ళు తాగొస్తానని వరండాలోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మాయి ప్రొసీజరు ముగించి, భయంగా నా ముఖంలోకి చూస్తోంది. "మేడమ్, ఏమైనా తప్పు చేశానా అండి?" అని అడిగింది.

"లేదమ్మా. బాగా చేశావు" అన్నాను.

ఆ సాయంత్రం హోటల్లో గిటారు పెట్టె తెరవలేదు. మర్నాడు తెరిచి, శృతి చేసుకుని, కొంతసేపు వాయించాను.