ఊరి ముందు కాదన్న మాట

తల దించుకుని చెప్పాల్సిన సంగతిని ఇన్నేళ్లూ తల ఎగరేసి చెప్పుకుంటూ తిరిగాను. ఆ బరువు ఇక మోయలేక మీకు చెబుతున్నాను.

చాయ్ హోటల్లో నేను చెప్పే కథ వేరు. పెద్ద పెద్ద డాక్టర్లు పదిహేను మంది నన్ను పరీక్షించారని, ఒక్కరికీ నా జబ్బు అంతుపట్టలేదని, చివరికి వాళ్ల పెద్దసారు నా చేతులు పట్టుకుని దండం పెట్టాడని. అంతా అబద్ధం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ధరూర్ పక్కనున్న మా ఊరికి వచ్చింది చదువుకునే పిల్లలు. నన్ను చూసింది ముగ్గురు. నాకున్నది బీపీ.

డాక్టరు చదివే శ్రీకాంత్, నర్సు చదివే రజియా, మందుల చదువు చదివే అనిత. మూడు కాలేజీల వాళ్లు. రేపు దవాఖానలో కలిసి పనిచేయాల్సిన వాళ్లు కాబట్టి ఇప్పుడే కలిసి నేర్చుకోవాలని పంపారట. ఒక్కొక్కరు విడిగా రోగితో మాట్లాడాలి. తర్వాత రోగి ముందే కూర్చుని, ముగ్గురూ ఒక మాట మీదికి రావాలి. ఎంత ముచ్చటగా ఉండేదో! డాక్టరు పిల్లవాడు నర్సు పిల్లను "మీరేమంటారు?" అని అడగడం నేను అంతకుముందెన్నడూ చూడలేదు.

శ్రీకాంత్ అడిగినప్పుడు పక్కన మా కోడలుంది. బీపీ గోళీలు ఒక్క పూట కూడా తప్పనని కోతలు కోశాను. రజియా నా చేతికి బీపీ చూసే పట్టీ కట్టేటప్పుడు పక్కన ఎవరూ లేరు. కల్లు తాగిన రోజు గోళీ వేసుకోనని, రెండూ కలిస్తే మనిషి పడిపోతాడని మా ఈడువాళ్లందరి భయమని, ఈమధ్య కల్లు రోజూ తాగుతున్నానని ఆమెకు చెప్పేశాను. ఎందుకు చెప్పాను? నవ్వదని తెలిసిందేమో. నిజంగానే నవ్వలేదు.

సాయంత్రం బడి వరండాలో కూర్చున్నారు. వాళ్ల మేడమ్ ఉంది. ఊరు ఊరంతా మూగింది. గోళీలు వేసుకుంటున్నా బీపీ దిగలేదు కాబట్టి మోతాదు పెంచాలన్నాడు శ్రీకాంత్. వద్దంది రజియా. తాత గోళీలు సరిగా వేసుకోవడం లేదంది. కల్లు మాట మాత్రం ఎత్తలేదు. నా పరువు కాపాడింది.

కోడలు నా వైపు తిరిగింది. "ఏంది మామా, గోళీలు మానినవా?"

"ఎవలన్నరు? గా పిల్లతోని నేను గట్ల అననే లేదు."

"రోగిని అడగకుండా సొంతంగా అల్లి చెప్తావా?" అని మేడమ్ అందరి ముందూ రజియా మీద విరుచుకుపడింది.

"తాతా, జర యాది చేస్కో," అంది రజియా.

"నా యాదికేం రోగం లేదు బిడ్డా."

జనం నవ్వారు. నేనూ నవ్వాను. శ్రీకాంత్ నవ్వలేదు. "మేడమ్, రజియా ఊరికే చెప్పదు. తేలేదాకా మోతాదు పెంచం," అన్నాడు. అనిత కూడా అదే మాట అంది. ఆమెది తప్పయితే ముగ్గురికీ తప్పు వేయమన్నారు. పిల్లలంటే వాళ్లు! ఒకరి మాట కోసం ఒకరు నిలబడ్డారు. నిలబడనిది నేనొక్కణ్నే.

మర్నాడు మేడమ్ రజియాను రోగుల దగ్గరికి పోనివ్వలేదు. వంట దగ్గర కూర్చోబెట్టింది. మధ్యాహ్నం మిగతా ఇద్దరూ వచ్చి ఆమె పక్కన ఉల్లిగడ్డలు కోస్తున్నారు. నేను ఆ దారినే పోయాను. మేడమ్ అక్కడే ఉంది. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చిందా? వచ్చిందని చెప్పుకోవాలని ఉంది. రాలేదు. ఏం కూరని అడిగి ముందుకు నడిచాను.

రోగి మాటను అల్లి చెప్పిందన్న నింద ఆ పిల్ల వెంట ఎంత దూరం వెళ్లిందో నాకు తెలియదు. ఇప్పుడు ఏ దవాఖానలో ఉందో కూడా తెలియదు. క్షమించమని అడిగే మొహం లేదు. ఈ పొద్దున కోడలితో చెప్పాను, ఇప్పుడు మీతో చెబుతున్నాను: రజియా ఒక్క అక్షరం కూడా అల్లలేదు. అబద్ధమాడింది నేను.

హమ్మయ్య. ఒక్కసారైనా పెంచకుండా, తగ్గించకుండా చెప్పాను.