చిట్కాలక్క సిరిసిల్ల ప్రయాణం

ఆ రోజుల్లో అడిగినంత ధర ఇచ్చి వచ్చే మనుషులను చూస్తే నాకు జాలి కలిగేది. ఫోన్లలో ఇంటర్నెట్ అప్పుడప్పుడే చవకై, మా కోరుట్లలో కూడా అందరి చేతుల్లోకి వచ్చిన కాలం. నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ అయిపోయి ఒక బట్టల దుకాణంలో బిల్లింగ్ కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. నాయన గల్ఫ్‌లో ఉండేవాడు, అమ్మ ఇంట్లో బీడీలు చుట్టేది. ముగ్గురం సంపాదిస్తున్నా పొదుపు అనే విద్య నా ఒక్కదానికే వచ్చునని నా నమ్మకం. పండుగకు ముందు ధర పెంచి, పండుగ వారంలో తగ్గించినట్టు చీటీ అంటించే మర్మం నాకు బాగా తెలుసు (ఆ చీటీలు అంటించేది నేనే). అందుకని రోజూ పొద్దున లేవగానే ఫోన్ స్టేటస్‌లో ఒక చిట్కా పెట్టేదాన్ని. పండుగ బట్టలు పండుగ అయిపోయాక కొనండి. ప్రయాణంలో తిండి ఇంటి నుంచే పట్టుకెళ్లండి. బస్సు బయలుదేరే ఊరికే పోయి ఎక్కండి, సీటు దొరుకుతుంది. పండుగకు ముందు రోజుల్లో కాకుండా పండుగ నాడే పొద్దున బయలుదేరండి, బస్సులు ఖాళీగా ఉంటాయి. అన్నిటికంటే నేను గర్వపడిన చిట్కా ఇంకొకటి ఉంది: బేరమాడేటప్పుడు మీ అవసరం ఎదుటివాడికి తెలియనివ్వకండి. దుకాణంలో ఆడపిల్లలందరూ నన్ను చిట్కాలక్క అని పిలిచేవాళ్లు. అది వెక్కిరింత అని నాకు చాలా కాలం దాకా తెలియలేదు.

ఆ ఏడు బతుకమ్మలు మొదలైన రెండో రోజునో, మూడో రోజునో సిరిసిల్ల నుంచి పెద్దమామ ఫోన్ చేశాడు. ఆయన అమ్మకు అన్న. అమ్మకు ఊహ తెలిసేసరికే తల్లీ తండ్రీ లేరు. తాను పెళ్లి కూడా వాయిదా వేసుకుని, చెల్లెనూ తమ్ముణ్ణీ పెంచి, చెల్లెకు చేతనైనంతలో పెళ్లి చేసి పంపినవాడు ఆయనే. సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బతుకంతా నిలబడి పనిచేశాడు. ఆ చప్పుడుకు చెవులు పోయాయి. ఫోన్లో మాట్లాడితే మా గల్లీ అంతటికీ వినిపించేది.

"చెల్లే! పానం మంచిగ లేదే! ఒకపారి అచ్చిపో!"

ఆ మాటకు పక్కింటివాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి "ఏమైందట?" అని అడిగారు. అమ్మ అప్పుడే సంచి సర్దబోయింది. నేను ఆపాను. ఈ వారమంతా బస్సుల్లో నిలబడడానికి కూడా చోటుండదని, దసరా నాడు పొద్దున పోతే కాళ్లు చాపుకుని కూర్చోవచ్చని, అక్కడే పండుగ చేసుకోవచ్చని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. అమ్మ నా మొహం చూసి, చదువుకున్న పిల్ల చెబుతోంది కదా అనుకుందేమో, ఫోన్లో గట్టిగా అరిచింది. "పండుగ నాడు అస్తమన్నా! పిల్ల గట్లంటంది!"

"మంచిది! పిల్లకు ఎరుకుంటది!" అని ఆయన కూడా అరిచాడు.

సద్దుల బతుకమ్మ నాడు, అంటే దసరాకు ముందు రోజు, పొద్దున్నే మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి అమ్మ తమ్ముడు, చిన్నమామ. గొంతు చాలా మెల్లగా ఉంది. "అక్కా, అన్న పోయిండే. తెల్లారంగ దవఖాన్లనే పోయిండు. కిరాయిల్లు గదనే, ఓనరు లోపటికి తేనిస్తలేడు. గల్లీల టెంటు ఏసి పండవెట్టినం. మాపటికి ఆడోళ్లు బతుకమ్మలు పెట్టాలె గదా, గల్లీలోళ్లు తొందర చేస్తున్నరు. మూడింటి దాక ఎట్లన్న ఆపుత. జల్ది రాండ్రి."

అమ్మ ఏడుస్తూనే చెప్పింది. "బిడ్డా, కారు మాట్లాడు. చందుర్తి తొవ్వల పోతే జల్ది పోతం."

మా ఇంటికి రెండు గల్లీల అవతల ఉండే తెల్లకారు చాచా (మా పేటలో తెల్లకారు మొదట ఆయనకే ఉండేది, పేరు అలా నిలిచిపోయింది) బస్టాండు పక్కన అడ్డాలో ఉండేవాడు. నేను కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుని మరీ వెళ్లాను. ఎందుకో చెప్పాలా? అవసరం కనిపిస్తే బేరం పోతుంది. పెద్దమామ పోయాడని నాకు దుఃఖం లేక కాదు. కానీ తలలో ఇంకొకతె కూర్చుని ఉంది, చిట్కాలక్క. ఆమెకు చావూ తెలియదు, బతుకూ తెలియదు.

"ఏం బేటీ, యాడికి?" అన్నాడు చాచా.

"ఊకెనే చాచా. సిరిసిల్ల దాక పోదామని. అంత అర్జెంటేం లేదు."

"పండుగ గదా బేటీ. ఇయ్యాల పోవుడు రావుడు డబుల్ అయితది. అన్ని ఎములాడ గుడి గిరాకులే."

"డబులా? మామూలు కిరాయికి అస్తవా, రావా?"

ఆయన నవ్వాడు. "అర్జెంటు లేదంటివి గదా? పండుగ ఒడిసినంక పో. గదే కిరాయికి తీస్కపోత. పైసలు మిగుల్తయ్ నీకు."

ఆ మాట చెంపదెబ్బలా తగలాల్సింది. నాకే చిట్కా చెబుతాడా అని కోపం మాత్రం వచ్చింది. బేరంలో ఆఖరి ఎత్తు వెనక్కి తిరిగి నడవడం. నడిచాను. పది అడుగులకు పిలుస్తాడని చెవులు వెనక్కి పెట్టి నడిచాను. పదిహేను, ఇరవై. పిలుపు రాలేదు. తిరిగి చూస్తే చాచా కారులో ఒక కుటుంబం ఎక్కుతోంది. వాళ్ల ముసలమ్మ ముందు సీట్లో కూర్చుని తలుపు వేయడం రాక తంటాలు పడుతోంది. పరుగెత్తుకుంటూ పోయి "చాచా, మా మామ చచ్చిపోయిండు" అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అంతదాకా అబద్ధమాడిన నోటితో ఆ మాట ఎలా చెప్పడం? సిగ్గు అడ్డం వచ్చింది.

ఇంటికి వచ్చి "కార్లు దొరకలేదమ్మా" అన్నాను. కథలాపూర్, చందుర్తి దారిలో పోయే బస్సు ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి, జగిత్యాల పోయి, అక్కడ బయలుదేరే వేములవాడ బస్సు ఎక్కుదామని చెప్పాను. పడమటింటికి పోవడానికి తూర్పుకు నడవడం లాంటి పని అది. అమ్మ అన్న మీద కప్పడానికి కొన్న కొత్త బట్టను చంకలో పెట్టుకుని నా వెంట వచ్చింది.

జగిత్యాల బస్టాండులో దిగాక తెలిసింది, బస్సు బయలుదేరే చోటే ఎక్కాలన్న చిట్కా జిల్లా అంతటికీ తెలుసని. గునుగు పూలు, తంగేడు కట్టలు, పిల్లలు, సంచులు, ఆ మధ్యలో మేము. మొదటి బస్సు అందలేదు. రెండోదాని కిటికీలోంచి నా దస్తీ (చేతిరుమాలు) సీటు మీద వేశాను. నేను లోపలికి పోయేసరికి ఆ దస్తీ మీద ఒక పెద్దాయన హాయిగా కూర్చుని ఉన్నాడు. "ఇది నా సీటు" అన్నాను. "దస్తీ నీదేనా బిడ్డా? తీస్కో" అని కొంచెం లేచి, దాన్ని నా చేతికిచ్చి మళ్లీ కూర్చున్నాడు.

అమ్మ రాడ్డు పట్టుకుని నిలబడింది. కండక్టరమ్మ తోసుకుంటూ వచ్చింది. సరిపడా చిల్లర ముందే లెక్కపెట్టి చిన్న సంచిలో ఉంచుకోవాలి (అదీ నా చిట్కానే). నేను గర్వంగా ఆ సంచి విప్పుతుండగా ఆమె అమ్మ మొహం వైపు చూసింది.

"ఏందమ్మా, గిట్లున్నవ్? ఏమైంది?"

"మా అన్న పోయిండు" అంది అమ్మ. అంతే. మూడు మాటలు.

బస్సులో ఆ ముందు భాగమంతా చప్పుడు తగ్గింది. నా దస్తీ ఇచ్చిన పెద్దాయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "కూసో చెల్లె, కూసో" అని అమ్మను చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఎవరో నీళ్ల సీసా ఇచ్చారు. పూల కట్ట పెట్టుకున్న ఒకామె దాన్ని కాళ్ల కిందికి జరిపి అమ్మ భుజం మీద చెయ్యి వేసింది. పొద్దుటి నుంచి నేను దాచి దాచి తిప్పిన మాటను అమ్మ బయటపెట్టిన నిమిషంలో బస్సంతా మా మనుషులైపోయింది. నేను చిల్లర సంచి పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు కూడా ఆ తర్వాత రెండు స్టేజీల్లో బస్సు సరిగా ఆపకుండానే ముందుకు పోనిచ్చాడు. కానీ వేములవాడ దగ్గరికి వచ్చేసరికి గుడికి వచ్చిన బండ్లతో రోడ్డు నిండిపోయింది. బస్సు అడుగు కదలదు. చిన్నమామ ఫోన్ మీద ఫోన్.

"ఎక్కడున్నరే?"

"ఎములాడ కాడ" అంటే ఒకసారి "జల్ది రాండ్రి" అన్నాడు. ఇంకోసారి "గల్లీలోళ్లు ఒప్పుకుంటలేరే" అన్నాడు. ఆఖరిసారి మాటకు బదులు వెనుక పాడె లేచిన డప్పులు వినిపించాయి. నేను ఫోన్ పెట్టేసి, అమ్మతో "ఇంకా ఆపే ఉంచిండ్రట" అని చెప్పాను. అది ఆ రోజు అమ్మకు నేను చెప్పిన రెండో అబద్ధం.

బస్సు దిగి, నడిచి, ఆటో ఎక్కి, సిరిసిల్లలో ఆ గల్లీకి చేరేసరికి టెంటు విప్పుతున్నారు. నేలంతా నీళ్లు చల్లి కడిగారు. గల్లీ చివర ఆడవాళ్లు కొత్త చీరల్లో బతుకమ్మలు పట్టుకుని, ఈ చివరకు చూడకుండా నిలబడి ఉన్నారు. వాళ్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. అమ్మ ఇంటి ముందు ఆగనే లేదు. అదే ఆటోలో మానేరు ఒడ్డున కాటికి పోనిమ్మంది. ఆడవాళ్లు అక్కడికి పోరాదని పెద్దమామ భార్య అత్తమ్మ అంటున్నా వినలేదు. మేము పోయేసరికి చితి బాగా అంటుకుంది. చిన్నమామ ఎదురొచ్చి అమ్మను పట్టుకుని, "ఆపిన అక్కా, నా చేతనైనంత సేపు ఆపిన" అని ఏడ్చాడు.

అమ్మ ఏడవలేదు. "తలకాయి ఎటు దిక్కున్నది?" అని మాత్రం అడిగింది. చిన్నమామ చూపించాడు. అమ్మ అటువైపు చూస్తూ పొద్దుగూకేదాకా నిలబడింది. కొత్త బట్టను మంటల్లో వేయడానికి దగ్గరికి పోబోతే కాటికాపరి ఆమె చేతిలోంచి తీసుకుని వేశాడు.

మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ గుమ్మం ముందు తెల్లకారు ఆగింది. చాచా దిగాడు. మా పక్కింటివాళ్లు చెబితే తెలిసిందట. ఎవరూ పిలవకుండానే వచ్చాడు. అమ్మకు దండం పెట్టి, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు. "మయ్యత్ అయింది, మామ పోయిండు అని ఒక్క మాట చెప్పకపోయినవా బేటీ? నేను పైసలు అడుగుదునా? గా గిరాకిని దింపి మిమ్ముల తీస్కపోతుంటి."

అమ్మ నన్ను చూసింది. కార్లు దొరకలేదన్న మాట ఆమెకు గుర్తుకు రావడం నేను కళ్లారా చూశాను. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె సంచి అందుకుని కారెక్కింది.

వేములవాడ దాటి, చందుర్తి దాటి, రోడ్డు ఖాళీగా ఉంది. ఇరుపక్కలా మక్క చేన్లు. చాచా పాటలు పెట్టలేదు. కోరుట్ల ఇళ్లు కనిపించేసరికి అమ్మ కిటికీలోంచి చూసి, ఎవరినీ ఉద్దేశించకుండా అంది. "గింత దగ్గరనా?"

మేము ఎంత బతిమాలినా చాచా కిరాయి తీసుకోలేదు. నా జీవితంలో నేను బేరమాడకుండా ఉచితంగా చేసిన మొదటి ప్రయాణం అది. దానికంటే ఖరీదైనది ఇంకొకటి లేదు.

ఆ రాత్రే ఫోన్లో చిట్కాలన్నీ తుడిచేశాను అని రాస్తే బాగుంటుంది కానీ, నిజం అది కాదు. ఒక నెల ఆగి మళ్లీ మొదలుపెట్టాను (అలవాటు అంత తొందరగా పోదు, దుకాణంలో పిల్లలు అడిగేవాళ్లు కూడా). బేరం గురించిన ఆ ఒక్క చిట్కా మాత్రం ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు జగిత్యాలలో కాపురం, ముప్పై దాటాను. ఆడవాళ్లకు బస్సు ఉచితమైపోయి నా ప్రయాణపు చిట్కాల్లో సగానికి పైగా పనికిరాకుండా పోయాయి. అప్పటి ఆ పిల్లను తలుచుకుంటే కోపం తగ్గి కొంచెం నవ్వు కూడా వస్తుంది. మొహం కడుక్కుని, చావును చీర కొంగులో దాచుకుని బేరానికి పోయిన పిల్ల.

అమ్మ ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. చుట్టాలు ఎవరైనా "అన్నను ఆఖరుకు చూడకపోతివి గదా" అంటే వెంటనే జవాబు చెబుతుంది. "ఏం జేత్తం? పండుగ దినం, బస్సులు లేకుండె. పాపం పిల్ల శాన తిరిగింది." నేను పక్కనే కూర్చుని తల ఊపుతాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సరిదిద్దలేదు. ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే అమ్మకు చదువు రాదు కాబట్టే. చదివి వినిపించానా, ఏమంటుందో నాకు తెలుసు. "గట్లెందుకు రాసినవే? బస్సులు లేకుండెనని రాయకపోయినవా?"